రాతి పుస్తకం మీద ఉత్త కాళ్ళు

2008 మే నెల. మస్కట్ పక్కన సీబ్‌లో, ఒక రౌండెబౌట్ మధ్య పెద్ద పాలరాతి పుస్తకం కడుతున్నాం. ఒమన్ తన మూల చట్టాన్ని, అంటే మనకు రాజ్యాంగం ఎలాగో అలాంటిదాన్ని, రాసుకున్నందుకు గుర్తు అది. ఏటవాలుగా తెరిచిన రెండు పేజీలు, వాటి నిండా చెక్కిన అరబిక్ అక్షరాలు. ఎంతసేపు చూసినా తనివి తీరేది కాదు. నేను ఆ సైట్‌కి సేఫ్టీ ఆఫీసర్ని. నన్ను చూడగానే అందరూ హెల్మెట్లు సర్దుకునేవారు. అది నాకు గర్వంగానే ఉండేది.

రాజలింగు జగిత్యాల వైపు నుంచి వచ్చిన మార్బుల్ మేస్త్రీ. రాళ్ళ సందుల్లో గ్రౌట్ ముద్ద నింపడంలో అతన్ని మించినవాడు లేడు. కానీ పేజీల మీదికి ఎక్కేటప్పుడు సేఫ్టీ షూ విప్పేసేవాడు. రెండుసార్లు వయొలేషన్ నోటీసు, అంటే నియమం తప్పినందుకు రాతపూర్వక హెచ్చరిక, ఇచ్చాను. మూడోది పడితే వీసా కాన్సిల్, ఇంటికి టికెట్. అతనొచ్చి ఏడు నెలలే అయింది. ఎందుకు విప్పుతున్నావని నేనెప్పుడూ అడగలేదు. ఫారంలో ఆ గడి లేదు మరి.

మూడోసారి దొరికాడు. ఎండకి కాలిన రాయికి అరికాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. నోటీసు రాసేసి, సంతకం కోసం క్లయింట్ తరఫు ఇంజనీరును తీసుకొచ్చాను. ఆయన ఒమనీ, నిదానస్తుడు. ఇద్దరం బూట్లతోనే పేజీ మీదికి ఎక్కాం. నియమాలంటే గౌరవం లేదా అని రాజలింగును నిలదీశాను. ఆయన సంతకం పెట్టకుండా, షూ ఎందుకు విప్పావని హిందీలో అడిగాడు. రాజలింగు నావైపు తిరిగి తెలుగులో చెప్పాడు.

"అక్షరాల మీద షూతోని ఎట్ల నిలబడ్తం సార్? ఉత్త కాళ్ళు పెట్టుడే తప్పు. రోజు మొక్కుకొని ఎక్కుతున్న."

"నీకు అరబ్బీ చదవడం వచ్చా?" అన్నాను.

"నాకు తెలుగే సక్కగ రాదు సార్. సదువు సదువే గద."

ఆ మాటలే హిందీలో చెప్పాను. ఇంజనీరు తన బూట్లకేసి చూసుకుని కిందికి దిగాడు. ఆయన వెనకే నేనూ దిగాను.

నోటీసులో రాజలింగు పేరు కొట్టేసి నా పేరు రాశాను. రిస్క్ అసెస్‌మెంట్, అంటే పనిలో ఏ ప్రమాదం ఉందో ముందే రాసే కాగితం, నాదే. రాతిని తొక్కకుండా పైనుంచి చెక్కలు అడ్డంగా వేయించాలన్న ఆలోచనే నాకు రాలేదు. మర్నాడు వేయించాం. రాజలింగు షూ వేసుకుని, ఆ చెక్కల మీద బోర్లా పడుకుని పని పూర్తి చేశాడు. ఒక్క సందు కూడా వంకర పోలేదు.

ఇప్పుడు ఎవరికి నోటీసు రాయాలన్నా ముందు ఎందుకని అడుగుతున్నాను. అయినా ఆ రోజు గుర్తొస్తే సిగ్గేస్తుంది. చట్టం కోసం కడుతున్న రాతి మీద బూట్లతో నిలబడి, నియమాలంటే గౌరవం లేదా అని ఆ మనిషిని నిలదీసింది నేనే.