తారుమారైన ఫారాలు

బైండింగ్ తాత ఏ పాత పుస్తకం విప్పినా ముందుగా ప్రతి ఫారం వెన్ను మీదా పెన్సిల్‌తో అంకె వేస్తాడు. ఫారమంటే మడతపెట్టి కుట్టే పదహారు పేజీల కట్ట. అంకె వేయకుండా దారం తెంపడమంటే కళ్లకు గంతలు కట్టుకుని నూతి గట్టు మీద నడవడమేనని పని నేర్చుకోను వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు.

ఆ ఉదయం పంతులమ్మ ఇచ్చిన నవల కుట్టడం ముగించి, అట్ట అంటించే ముందు పేజీలు తిప్పాడు. పంతులమ్మ వాళ్లమ్మ బతికుండగా చదివి చదివి నలిపిన పుస్తకం అది. అంచులు రాలిపోయి పేజీల అంకెలు కూడా మిగల్లేదు. కథలో ఒక తల్లి, ఆమె చుట్టూ తిరిగే ఇల్లు. నడుమ ఎక్కడో ఒక్క వాక్యంలో ఆ తల్లి పోతుంది. ఏళ్లు గడిచాక పిల్లలు ఆ ఇంటికి తిరిగొస్తారు. తీరా చివరి పేజీల్లో చూస్తే, ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని చంటివాడికి మేజోడు అల్లుతోంది!

తాత పుస్తకం తిరగేశాడు. కుట్టు తడిమాడు. ఒక్క ఫారం మీదా పెన్సిల్ గీత లేదు.

కథే అంతేనేమో? ఈ రచయిత కాలాన్ని ముందుకీ వెనక్కీ నడిపించే రకమాయె. అలా అనుకున్నా అన్నయ్య గుర్తొచ్చాడు. అన్నయ్యకూ ఇలాగే మొదలైంది. ముందు గొడుగు మరిచాడు, తరువాత వీధి మరిచాడు, చివరకు కన్నకొడుకునే "మీరెవరి తాలూకు బాబూ?" అని అడిగాడు. ఎంత మర్యాదగా అడిగాడో! తలుచుకుంటే ఆ మర్యాదకే వణుకు పుడుతుంది.

"ఏంటి మామయ్యా, కొయ్యబారిపోయారు? అవతల జిగురు ఆరిపోతోంది" అంది పక్కన అట్టలు కోస్తున్న కోడలు.

"ఏం లేదమ్మా. కళ్లజోడు మసకేసింది."

ఆమె ఆయన కళ్లజోడు తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, తిరిగి ఆయన చెవులకు తగిలించింది. పాపం, అబద్ధానికి ఆ చాటు కూడా పోయింది.

అంతలోనే పంతులమ్మ వచ్చింది. "అయిందా తాతగారూ?"

అట్ట అంటించి ఇచ్చేస్తే ఎవరికి తెలుస్తుంది? పైవాడికి తెలుస్తుంది. తాత పుస్తకం ఆమె వైపు జరిపాడు. "చివర ఓసారి చదవమ్మా."

ఆమె చదివింది. "ఇది మొదట్లో కదా రావాలి? పోనీలెండి, పోయినావిడ తిరిగొచ్చింది" అని నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

"అయితే తప్పు నాదే" అన్నాడు తాత. కోడలి వైపు తిరిగాడు. "అంకెలు వెయ్యలేదమ్మా. వెయ్యలేదన్న సంగతి కూడా గుర్తులేదు. మా అన్నయ్యలా అయిపోతానేమో. ఎవరితోనూ అనలేదు గానీ, చాలా రోజుల్నించీ భయంగా ఉంది."

'అలాంటిదేం లేదు' అనలేదు కోడలు. "రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం. నేనూ వస్తా" అంటూ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"వరస నేను చెబుతాను. అమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో" అని పంతులమ్మ కూడా చేతిసంచి కింద పెట్టింది.

తాత కుట్టు తెంపడానికి కత్తి తీశాడు. కత్తిమొన కుట్టు దగ్గరే ఆగిపోయింది. కోడలు ఆయన మణికట్టు కింద తన అరచెయ్యి ఆనించింది. భయం పోలేదు. దారం మాత్రం తెగింది.