తనంతట అదే

పాప నిద్రపోయాక, మధ్యమధ్యలో వంగి దాని ఊపిరి చూసుకుంటూ రాస్తున్నాను.

ఇది జరిగినప్పుడు దానికి ఏడో నెల. నా ప్రసూతి సెలవు అయిపోయింది. ల్యాబ్‌కి వెళ్ళకపోతే పీహెచ్‌డీ వదులుకోవాల్సిందే. పాపేమో నా దగ్గర తప్ప ఎవరి చేతా పాలు తాగదు. అసలు నేను చేసే పనేమిటో మా అత్తయ్యకు చెప్పబోయి ఇరుక్కున్నాను.

"ప్రోటీన్ ముక్కల్ని నీళ్ళలో కలుపుతాం అత్తయ్యా. ఉప్పు, వేడి కుదిరితే అవే ఒకదాన్నొకటి పట్టుకుని కంటికి కనపడనంత సన్నని పోగులవుతాయి. పోగులన్నీ అల్లుకుని జెల్ అవుతుంది. కాలిన పుండు మీద వేస్తే కొత్త చర్మం దాన్ని పట్టుకుని పెరుగుతుందని మా ఆశ."

సత్తెనపల్లి దగ్గర మా ఊళ్ళో మిరపకోతలు నడుస్తున్నాయి. కల్లం నుంచి వచ్చిన అత్తయ్య, చేతులు సబ్బుతో కడుక్కున్నా మిరప ఘాటు పోదని పాపను ముట్టుకోకుండా దూరంగా కూర్చున్నారు.

"అయితే తనంతట అదే అల్లుకుంటదా?"

"అవునత్తయ్యా."

"మరి నువ్వెందుకమ్మాయ్ అక్కడ?"

నవ్వేశాను.

మెడిసిన్ సీటు రాక గుంటూరులో బయోటెక్నాలజీలో చేరినదాన్ని నేను. ఎంటెక్ ప్రాజెక్టులో ఒక పొద్దున, ముందురోజు నీళ్ళలా పోసి ఉంచిన చిన్న సీసాను తలకిందులు చేస్తే చుక్క జారలేదు. ఎవరూ అతికించలేదు, కుట్టలేదు. నమ్మలేక మళ్ళీమళ్ళీ తిప్పుతుంటే మా గైడ్‌గారు, "చాలమ్మా, దానికి కళ్ళు తిరుగుతాయి" అన్నారు. పీహెచ్‌డీ చేయాలనుకున్నది ఆ రోజే.

సెలవు తర్వాత మొదటిరోజు ల్యాబ్ నుంచి ఫోన్ చేస్తే, "ఏడ్చింది. గిన్నెతో పాలు పడితే ఉమ్మేసింది. నా జుట్టు పీకింది. అబద్ధమెందుకు చెప్పాలి?" అన్నారు అత్తయ్య. సాయంత్రం ఇంటికొచ్చి, ఇక వెళ్ళనన్నాను. ఓదారుస్తారనుకుంటే కోప్పడ్డారు.

"మిరపకాయ చేత్తో పిల్లనెట్టా పట్టుకుంటానని, ఈ యేడు ఇంక కల్లానికి రానని మీ మావయ్యతో చెప్పేశా. గొణుక్కుంటానే ఒప్పుకున్నాడు. ఇప్పుడు నువ్వు మానేస్తే ఆయన ముందు నా మాటేం గాను? ఇంకో నాలుగు రోజులు ఏడవండి, మీరిద్దరూ!"

ఆ వారం రోజూ గుంటూరులో ల్యాబ్‌కి వెళ్ళాను. ఒక సాయంత్రం తిరుగు బస్సులో ఉండగా అత్తయ్య ఫోన్.

"తాగింది! గిన్నెడు తాగి, నా ఒళ్ళోనే పడుకుంది."

నేను కోరుకున్నది అదే. కానీ నేను లేకుండా తాగిందన్న మాట లోపలెక్కడో గుచ్చుకుంది. పాలు నిండి రొమ్ములు సలుపుతున్నాయి. బ్యాగును గుండెకు అదుముకుని ఏడ్చేశాను.

పక్కనున్న పెద్దావిడ కంగారుపడ్డారు. "ఏందమ్మా, ఏదన్నా కబురొచ్చిందా?"

"మా పాప పాలు తాగిందండి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "సంతోషించక, దానికి ఏడుపేంది తల్లీ!" అంటూ లేచి, కిటికీ పక్క చోటు నాకిచ్చారు.

మర్నాడు నేను బస్సెక్కేటప్పుడు అత్తయ్య చంకలో పాప ఏడుస్తూనే ఉంది. నేను బస్సు దిగలేదు.