మా బావగారు బాగుచేసిన ల్యాప్‌టాప్

ల్యాప్‌టాప్ లోపల ఎవరో గోరుతో గీకుతున్నట్టు టిక్ టిక్‌మని చప్పుడు మొదలైన రోజున ఆ మాట మా ఆయనతో అన్నాను. ఆయన నా వైపు గానీ ల్యాప్‌టాప్ వైపు గానీ చూడకుండా ఫోన్ తీసి వాళ్ల అన్నయ్యకు కలిపారు. మా ఇంట్లో ఫ్యాను ఆగినా, కుక్కర్ రబ్బరు సాగినా, పిల్లకు జ్వరమొచ్చినా అదే పద్ధతి. మా ఆయన పోర్టులో క్రేను నడుపుతారు. ఓడలోంచి కొండంత బరువుల్ని కుదుపు లేకుండా దించే మనిషి, అన్నయ్య గొంతు వినపడగానే ఒకటో తరగతి పిల్లాడైపోతారు.

మా బావగారు స్టీల్‌ప్లాంటులో ఏదో ఆఫీసు పని చేసి రిటైరయ్యారు. వాళ్ల ఆఫీసు గదికి కంప్యూటర్ కొత్తగా వచ్చినప్పుడు సాయంత్రాలు దాని మీద గుడ్డ కప్పింది ఈయనే కాబోలు, లోకంలోని కంప్యూటర్లన్నీ తన చేతుల్లో పెరిగినట్టు మాట్లాడతారు. కళ్లజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది. దాన్ని కిందికి దించి ఆయన ఏదైనా చదవడం నేను చూడలేదు.

నేను డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తాను. జాలరిపేటలో చేపలమ్మే ఆడవాళ్ల మాటల మీద పరిశోధన చేస్తున్నాను. బేరాలు, పోట్లాటలు, పాటలు, తిట్లు, ఏళ్ల తరబడి ఒడ్డున కూర్చుని రికార్డు చేసినవన్నీ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. కొన్నిటికి కాలేజీలో కాపీ ఉంది. ఇటీవలివాటికి లేదు. అందుకే చప్పుడు వినగానే కొంత చదివాను. హార్డ్ డ్రైవ్ అలా టిక్కుమంటే అది పోయే దారిలో ఉన్నట్టు. దాన్ని ఇంక నడపకూడదు. బయటికి తీసి, సరిపడే కొత్తది పెట్టి, పాతదాన్ని కేబుల్‌తో తగిలించి లోపలివి ఒక్కసారి కాపీ చేసుకోవాలి. ఇందులో అర్థం కానిదేమీ లేదు.

బావగారు గాజువాక నుంచి మధ్యాహ్నం భోజనం వేళకే వచ్చారు. తిన్నారు. నేను చదివింది చెప్పబోయాను.

“అమ్మాయ్, నువ్వు తెలుగు లెక్చరర్వి. ఇది తెలుగు కాదు” అన్నారు.

మా ఆయన నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది.

“దీన్ని ఇంక ఆన్ చేయకూడదు బావగారూ.”

“ఆన్ సెయ్యకుండా రోగమేటో ఎలా తెలుస్తాది? నాను అట్టుకెల్తాను. పరీచ్చ సెయ్యాల.”

నేను ఇంకో మాట అనేలోపే మా ఆయన దాన్ని సంచిలో పెట్టి అన్నయ్య చేతికి అందించారు. మర్యాద పేరుతో మా ఇంట్లో జరిగే తెలివితక్కువ పనుల్లో ఎక్కువభాగం ఇలాగే జరుగుతాయి.

తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే జవాబు. “సూత్తన్నాను. తొందరపడితే అవ్వదు.” వెనకాల టీవీ చప్పుడు. ఆయన చేస్తున్న వైద్యమేమిటో మా తోడికోడలి ద్వారా తెలిసింది. రిపేరు చేస్తానని చెప్పే ఏదో ప్రోగ్రాం వేసి, పొద్దున ఆన్ చేస్తే రాత్రి పడుకునేదాకా తిప్పుతున్నారట. అది ఆగిపోతే మళ్లీ మొదటి నుంచి. చావబోయే మనిషిని మేడమెట్లు ఎక్కిస్తూ దింపుతూ ఉన్నట్టు.

చివరికి ఒక ఆదివారం తెచ్చారు. చప్పుడు రెట్టింపైంది. ఆయన ముఖంలో మాత్రం గెలుపు. జేబులోంచి చిన్న పెట్టె తీసి, అందులోంచి వేలెడు పొడవున్న సన్నటి పచ్చ పలక బయటికి తీశారు.

“ఇదీ కొత్త డ్రైవు. ఇప్పుడన్నీ ఇవే. పాత డబ్బాలు ఎవుడూ వోడట్లేదు.”

ఆయన చెప్పింది కొత్త ల్యాప్‌టాప్‌ల విషయంలో నిజమే. మాది పాతది. అందులో వెడల్పాటి డబ్బా డ్రైవ్‌కే చోటుంది. ఆ పలకను గుచ్చే సాకెట్టే లేదు. ఆ సంగతి కంపెనీ వాళ్ల సైట్‌లో ఉంది. నేను చదివాను, చెప్పాను.

“సైట్లో సవాలక్ష రాత్తారు” అని ఆయన వెనక మూత విప్పారు. లోపల వెతికి వెతికి, వైఫై కార్డు ఉన్న చిన్న సాకెట్టు పట్టుకున్నారు. దాన్ని పీకి పక్కన పడేసి, ఆ చోట పలక మొన పెట్టారు. అది దిగలేదు. దిగదు కూడా. సాకెట్టులో గాటు ఒక వైపుంటే పలకకు ఇంకో వైపుంది. అది వేరే పనికి చేసిన సాకెట్టని కళ్లున్న ఎవరికైనా తెలుస్తుంది. కళ్లజోడు నుదుటి మీద ఉన్నవాళ్లకు తెలియదు.

“కొంచెం నొక్కితే ఎల్లిపోద్ది” అంటూ ఆయన బొటనవేలు ఆనించారు.

“అన్నయ్యకు తెలుసులే” అన్నారు మా ఆయన, నేను ఏమీ అనకముందే.

నేను బావగారి మణికట్టు పట్టుకుని పక్కకు తీశాను. మా అత్తవారింట్లో తమ్ముడి భార్య బావగారి చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. నేను ల్యాప్‌టాప్ నా వైపుకి తిప్పుకుని, బ్యాటరీ వైరు ఊడదీసి, డ్రైవ్ ఉన్న ఇనప చట్రం మరలు తీసి, పాత డబ్బాను మెల్లగా పక్కకు జరిపి బయటికి లాగాను. పైన లేబుల్ మీద కావలసినవన్నీ ఉన్నాయి. ఆయన అన్ని రోజులు దగ్గర పెట్టుకుని చదవనివి. రెండున్నర అంగుళాల సైజు, సాటా కనెక్షను. మందం మాత్రం స్కేలు పెట్టి కొలిచాను. ఏడు మిల్లీమీటర్లు.

ఆ డబ్బాను రుమాల్లో చుట్టుకుని వన్ టౌన్ బయల్దేరితే, పిలవకపోయినా బావగారు ఆటోలో నా పక్కన ఎక్కారు. మా ఆయన ముందు డ్రైవరు పక్కన. ముస్లిం కుటుంబం నడిపే కంప్యూటర్ విడిభాగాల షాపొకటి ఒక సందులో ఉంది. షాపాయన నా చేతిలోది చూసి, అదే కొలతలో ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం డ్రైవ్ తీసి కౌంటర్ మీద పెట్టారు. అక్కడితో అయిపోవాలి. బావగారు అవనిస్తారా? వెనక అరలో ఉన్న లావుపాటి డ్రైవ్ చూపించారు.

“అదియ్యండి. అందులో ఎక్కువ పడుద్ది.”

“అది మందం సాబ్. మూత పడదు.”

“మరలు గట్టిగా బిగిత్తే పడుద్ది.”

షాపాయన ఒక్క క్షణం ఆయన్ని చూసి, “సాబ్ కంప్యూటర్ లైనా?” అని అడిగారు.

“స్టీల్‌ప్లాంటు” అన్నారు బావగారు గర్వంగా.

“అచ్ఛా” అని షాపాయన నాకు సన్నదానికే బిల్లు వేశారు. దాంతోపాటు పాత డ్రైవ్‌ను బయటి నుంచి తగిలించే కేబుల్ కూడా అడిగి తీసుకున్నాను. దారి పొడవునా బావగారు, షాపువాళ్లు స్టాకు వదిలించుకోవడానికి సన్నవి అంటగడతారని మా ఆయనకు వివరిస్తూ వచ్చారు. మా ఆయన తలాడిస్తూ వచ్చారు.

బిగించడానికి పెద్దగా పట్టలేదు. చట్రంలో పెట్టి, కనెక్టర్‌కు సూటిగా జరిపి, మరలు బిగించి, వైఫై కార్డు దాని చోట దాన్ని పెట్టి, బ్యాటరీ వైరు తగిలించాను. పెన్‌డ్రైవ్ నుంచి విండోస్ ఎక్కించాను. తెర వెలగగానే బావగారు వెనక నుంచి, “సూసేవా? నాను సెప్పినట్టే అయింది” అన్నారు. ఆయన చెప్పినదాంట్లో ఒక్కటి కూడా అవలేదు కనకనే అది వెలిగింది. ఆ మాట బయటికి అన్నాను. ఆయన వినిపించుకోలేదు. కాఫీ తాగి వెళ్లిపోయారు.

ఆ తర్వాత పాత డ్రైవ్ కేబుల్‌కు తగిలించి ఫోల్డర్లు లాగడం మొదలుపెట్టాను. చాలావరకు వచ్చాయి. ఒక ఫోల్డర్ దగ్గర ఆగింది. కాసేపు టిక్కుమంది, తర్వాత గరగరమంది, తర్వాత ఏమీ అనలేదు. ఆ ఫోల్డర్‌లో ఉన్నవి జాలరిపేటలో ఒక పెద్దామె తిట్లు, కాలేజీలో కాపీ లేనివి. ఒడ్డున ఆమెకు సాటి వచ్చే నోరు లేదు. చప్పుడు మొదలైన రోజునే తీసి ఉంటే అవీ వచ్చేవని నా గట్టి నమ్మకం.

బావగారికి ఫోన్ చేసి చెప్పాను.

“అరిగిపోయిన డిస్కు ఎన్నాల్లుంటాది? అయినా తిట్లే కదమ్మా, పోతే పోయినాయి.”

నాకు ఏడుపు రాలేదు. కోపం కూడా కాదు. ఈ మనిషి ముందు ఇన్నేళ్లూ కొంగు సర్దుకుని, గొంతు తగ్గించి మాట్లాడానే అన్న రోత. ఫోన్ పెట్టేసి మా ఆయనతో, “ఇక నుంచి నా వస్తువులు మీ అన్నయ్య చేతికి వెళ్లవు” అన్నాను. ఆయన అన్నయ్యకు కలపబోయి, నా ముఖం చూసి ఫోన్ జేబులో పెట్టేసుకున్నారు.

మర్నాడు కాలేజీ అయ్యాక జాలరిపేట వెళ్లాను. పడవలు వచ్చేసి ఉన్నాయి. పెద్దామె తట్ట ముందు కూర్చుని విసనకర్రతో ఈగలు తోలుతోంది. తిట్లన్నీ పోయాయని చెప్పాను.

“పోతే పోనీ. తిట్లకేటి కరువా? మల్లీ తిడతాను. ఎవుల్ని తిట్టాల?”

ఉత్తినే తిట్టడం ఆమెకు రాదు. ఎదురుగా ఒక మనిషి కావాలి, లేదా ఆ మనిషి చేసిన పనైనా తెలియాలి. ఆమె పక్కన ఇసకలో కూర్చుని, ఊరూ పేరూ చెప్పకుండా, ఒక పెద్దమనిషి కథ మొదటి నుంచి చెప్పాను. నొక్కితే ఎల్లిపోద్ది అన్న దగ్గర ఆమె చేతిలో విసనకర్ర ఆగింది. తిట్లే కదా అన్న దగ్గర తట్ట పక్కకు నెట్టింది.

“ఏటీ, నా తిట్లు తిట్లేనా? నీ మిసను నొక్కు” అంది.

రికార్డర్ నొక్కాను. “నీ సేతులు పడిపోను, నీ నోట్లో ఇసక పొయ్య” అని మొదలుపెట్టి ఆమె ఊపిరి తీసుకోకుండా అందుకుంది. పోయిన ఫోల్డర్‌లో లేని మాటలు ఎన్నో వచ్చాయి. పక్క తట్టల వాళ్లు బేరాలు ఆపి మరీ చేరారు. ఒకావిడ మధ్యలో తనకు తోచింది అందించింది కూడా. నేను నా పరిశోధనకు రాసుకోవలసిన మాటల అర్థాలు అడగడం మర్చిపోయి, రికార్డర్ ఒళ్లో పెట్టుకుని, హాయిగా వింటూ కూర్చున్నాను.