మగ్గానికి కట్టిన పచ్చ వైరు

ఎనిమిదో తరగతిలోనే నాకూ బడికీ చెడింది. కరెంటు పని మాత్రం పక్కన నిలబడి చూసి నేర్చుకున్నాను. నగరిలో మా అన్న మరమగ్గాల షెడ్డులో పాత బరువు చోకులు పీకేసి, ట్యూబులైట్లకు ఎలక్ట్రానిక్ చోకులు బిగించింది నేనే. అరచేతిలో ఇమిడే డబ్బా. స్టార్టరు అక్కర్లేదు, స్విచ్చి వేయగానే వెలుగు.

ఎర్తు ఇవ్వమని అన్న పచ్చ వైరు కూడా తెచ్చిచ్చాడు. పాత చోకులకు ఏనాడూ ఎర్తు ఇచ్చిన పాపాన పోలేదు కదా! వదిన లైటు కిందికి కావాలంటే, ఆ వైరు ఒక కొస లైటు పట్టీ స్క్రూకి, ఇంకో కొస మగ్గం పైనున్న ఇనుప చట్రానికి బిగించి, లైటును వేలాడదీశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. నూలు తెగకుండా నేలంతా నీళ్లు చిలకరించి, వదిన వట్టికాళ్లతో మగ్గం మీదికి వంగి తెగిన పోగులు ముడివేస్తోంది.

"పొద్దున మగ్గం ముట్టుకుంటే జుమ్మనిందప్పా" అంది.

"నిన్ను చూసి దానికీ వణుకు పుట్టింటాది వదినా" అన్నాను.

నవ్వుతూనే స్టూలెక్కి పట్టీ మూత కదిలించాను. చోకుకు కరెంటు తెచ్చే ఫేజు వైరు మూత కింద నలిగి, తోలు ఊడి, రాగి ఇనుముకు ఆనుకుని ఉంది. ఆ ఇనుము నుంచి పచ్చ వైరు, అక్కడి నుంచి మగ్గం, మగ్గం మీద వదిన రెండు చేతులు. లైటు స్విచ్చి వేసే ఉంది. కరెంటు ఏ క్షణానైనా రావచ్చు.

"వదినా, చేతులు తీయ్!"

"మొన్న నూలు బుట్టలో పామన్నావు. ఈపొద్దు ఏముండాది సామీ?"

"నీకు మొక్కుతాను, తీయ్!"

"అబ్బా, ఏడుపు కూడా బాగా వస్తాండాదే!" అంటూ ఇంకో పోగు అందుకుంది.

దూకాను. మెయిను స్విచ్చి తలుపు పక్కనే. తడికి జారి పడి, పాకి, లేచి, పిడి కిందికి లాగాను. కాసేపటికే పక్క షెడ్డులో మగ్గాలు టకటకా మొదలయ్యాయి. మా షెడ్డులో చప్పుడు లేదు. నేను పిడి వదల్లేదు.

వదిన వచ్చి, పిడి పట్టుకున్న నా చేతికేసి చూసింది.

"నిజమేనా?"

తలూపాను.

సాయంత్రం దాకా కూర్చుని ఆ వైరు మార్చాను, పట్టీకీ మగ్గానికీ సరిగ్గా ఎర్తు ఇచ్చాను. మెయిను వేసి, మగ్గానికి మూడుసార్లు టెస్టరు పెట్టి చూశాను. టెస్టరులో దీపం వెలగలేదు.

"బాగుండాది, రా వదినా."

ఆమె చెప్పులేసుకుని గడపలోనే నిలబడింది.

"ముందు నువ్వు పెట్టప్పా చెయ్యి."

పెట్టబోయాను. మగ్గానికి జానెడు దూరంలో చెయ్యి ఆగిపోయింది. ఎంతకీ ముందుకు పోలేదు.