అటక మీద మునిగిన అత్తగారి పాటలు

ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. కానీ మా ఆవిడ సారమ్మ ఇప్పటికే బూర్గంపాడు మొదలు కల్లూరు దాకా చాటింపు వేసింది కాబట్టి, నా వాదన కూడా మీరు వినడం న్యాయం. గోదావరి గడప తొక్కకుండానే ఇల్లు ముంచుకున్న మొనగాణ్ణి నేను.

కంప్యూటర్ నాకు ఎవరూ నేర్పలేదు. నేర్పినవాడు లేడు కాబట్టి ఎవడి మాటా వినే పని కూడా లేదని నా సిద్ధాంతం. ఆ పెట్టెలో మా అత్తగారి పాటలుండేవి. నాట్ల పాటలు, ఉయ్యాల పాటలు, ఆమెను కూర్చోబెట్టి అన్నీ రికార్డు చేశాను. మరుసటేడు ఆమె కన్నుమూసింది. సారమ్మ రోజూ వంట చేస్తూ తల్లి గొంతు వినేది. ఆ గొంతు ఇక ఆ పెట్టెలోనే మిగిలింది.

పెట్టె మొరాయించడం మొదలుపెట్టగానే కంప్యూటర్ షాపు శ్రీను దగ్గరకు పరుగెత్తాను.

"పాటలు ఇంకోచోట కూడ దాచుకో బాబాయ్. ఇంటర్నెట్‌ల పెడితే ఏడున్నా దొరుకుతయ్."

"మా అత్త గొంతును ముక్కూ మొహం తెల్వనోని ఇంట్ల పెట్టాల్నా?"

"పోనీ, ఈ హార్డ్ డిస్క్ తీస్కపో. గనీ కంప్యూటర్ పక్కన పెట్టకు. వేరే ఊళ్ల పెట్టు."

"గోదారి ఒడ్డున పుట్టినోనికి దాచుడు నేర్పుతున్నవా?" అని డిస్కు చంకన పెట్టుకుని వచ్చేశాను.

"కల్లూరుల మా చెల్లె దగ్గర పెడదామయ్యా. జాడీ పంపుతలేనా గట్లనే," అంది సారమ్మ.

జాడీ కథ కూడా చెప్పాలి. నా చిన్నప్పటి పెద్ద వరద గుర్తు మా గోడ మీద ఇంకా ఉంది. ఆ భయంతో ఇక్కడి ఆడవాళ్లు ప్రతి ఎండాకాలం ఒక పచ్చడి జాడీని మెరక ఊళ్లలోని చుట్టాలింటికి పంపిస్తారు. ఇక్కడిది కొట్టుకుపోతే అక్కడిది తినొచ్చని. దాన్ని నేను ఏటేటా వెక్కిరించేవాణ్ణి.

"పాటలకూ పచ్చడికీ పోలికేందే? అది జాడీ, ఇది సైన్సు!"

సైన్సు ప్రకారం కంప్యూటర్‌ను కింద బల్ల మీద, పాటలు ఎక్కించిన డిస్కును పైన అటక మీద పెట్టాను. రెండూ దూరదూరంగానే ఉన్నాయిగా?

వానాకాలంలో గోదావరి పెరిగింది. మైకులో హెచ్చరిక వినబడగానే ఊరంతా సామాన్లు అటకలెక్కించింది. నేనూ కంప్యూటర్‌ను మోసుకెళ్లి డిస్కు పక్కనే పడుకోబెట్టాను, కొత్త దంపతుల్లా. కింది నుంచి నీరు తగలకుండా అడుగున మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి, అంచులు నాలుగు వైపులా గోడలా పైకి మడిచి తాళ్లతో కట్టాను. పైన ఏమీ కప్పలేదు. వరద పైనుంచి వస్తుందని గోదావరి ఒడ్డున ఎవరైనా ఎప్పుడైనా అన్నారా, మీరే చెప్పండి.

ఇల్లు వదిలి శిబిరానికి పోయి, వరద తగ్గాక తిరిగొచ్చాం. నేల పొడిగా ఉంది, చీమలు తీరిగ్గా నడుస్తున్నాయి. గోదావరి మా వీధి మొగదలే ఆగిపోయిందట. నిచ్చెన వేసి చూద్దును గదా, కోతులు పైకప్పు పెంకులు పీకేశాయి. కురిసిన వానంతా నా పట్టాలో నిండి, కంప్యూటరూ డిస్కూ అందులో గేదెల్లా పడుకున్నాయి. పనితనం చెప్పుకోకూడదు గానీ, ఒక్క చుక్క కిందికి కారలేదు.

షాపులో శ్రీను రెండిటినీ వంచితే అరచెంబు నీళ్లొచ్చాయి. "పాణం లేదు బాబాయ్. ఇగ వీట్లకెల్లి ఏం రావు," అన్నాడు.

ఇంటికెలా వచ్చానో తెలియదు. సారమ్మ పొయ్యి దగ్గరుంది. గుమ్మంలోనే ఆగిపోయాను.

"ఏందయ్యా, గట్ల నిలబడ్డవ్?"

"మీ అమ్మ... పాటలు... పోయినయే సారమ్మా." కళ్లు నిండాయి. ఈ ముసలివాడికి ఏడుపు కూడా వచ్చునని ఆమెకు ఆరోజే తెలిసింది.

ఆమె చేయి కడుక్కుని ఫోను తీసింది. "చెల్లె, జాడీతోని పంపిన పెన్‌డ్రైవ్ ఉన్నదా?"

"అవ్ అక్కా. ఉప్పు డబ్బాల భద్రంగ పెట్టిన. రోజూ వింటనే ఉన్న."

"ఎప్పుడు పంపినవే?" అని నోరు తెరిచాను.

"నువ్వు డిస్క్ తెచ్చిన మర్నాడే, శ్రీనుతోని ఎక్కించుకున్న. నీకు చెప్తె సైన్సు చెప్తవని చెప్పలే."

చేతులెత్తి దండం పెట్టాను, పెళ్లినాడు కూడా పెట్టనివాణ్ణి. మరదలు ఫోన్లోనే పాట పెట్టింది. నాట్ల పాట అయిపోయింది. చివర్న అత్తగారి గొంతు: "బిడ్డా, మీ ఆయన మీద నాకు నమ్మకం లేదు. ఇంకోపాలి పాడుత, ఒకటి పోయినా ఒకటుంటది."

కాబట్టి గోదావరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై పచ్చడి జాడీని వెక్కిరించను. ఆకాశం కూడా ఉందని మరవను. ఏది దాచాలన్నా సారమ్మ చేతికే ఇస్తాను. ఈ ప్రమాణాన్ని కూడా రికార్డు చేసి, ఒక కాపీ కల్లూరు పంపించాను.