పెన్ను పరీక్షకు గురజాల నుంచి పేట దాకా

అందరూ గుళ్లు చూడటానికో కోటలు చూడటానికో ప్రయాణాలు చేస్తారు. నేను మాత్రం ఒకసారి, కొత్తగా కొన్న పెన్ను అసలుదో కాదో తేల్చుకోవడానికి గురజాల నుంచి నరసరావుపేట వెళ్లాను. ఎనభైల నాటి మాట. ఆ దారిలో వెళ్లాలనుకుంటున్నామని, వివరాలు రాయమని ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. రాస్తాను గానీ దారితోపాటు పెన్ను సంగతి కూడా వినాల్సిందే. ఆ రెంటినీ విడదీసి చెప్పడం నాకు చేతకాదు.

అప్పుడే నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. మా వంశంలో జీతం తీసుకునే మొదటి ఆడపిల్లనని మా నాన్నకు కాళ్లు నేలమీద నిలవలేదు. రిజిస్టర్లో మొదటి సంతకం బంగారు పాళీ ఉన్న ఫారిన్ పెన్నుతోనే పెట్టాలని పట్టుబట్టాడు. మా పక్కింటి కాదర్ మామకు బట్టల కొట్టు ఉండేది. లుంగీల కోసం మద్రాసు వెళ్లొస్తుండేవాడు. ఆయనా నాన్నా చిన్నప్పటి నుంచి ఒకరినొకరు బావా అని పిలుచుకునే స్నేహితులు. నాన్న చెప్పిందే తడవుగా మామ ఆ సారి మెరూన్ రంగు పెన్నొకటి తెచ్చిచ్చాడు. ఇల్లంతా దాన్ని చేతులు మార్చుకుంటూ చూసి మురిసిపోయాం.

మా ఎదురింట్లో పోస్టాఫీసు గుమాస్తా ఒకాయన ఉండేవాడు, లోకంలో ఉన్నవన్నీ తనకే తెలుసనుకునే రకం. ఆయన పెన్ను అందుకుని, క్లిప్పు లాగి వదిలి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, "అబ్బే, డూప్లికేటు మాలండీ! మద్రాసులో బుట్టల్లో పోసి అమ్ముతారు" అన్నాడు. అని, మా కాఫీ తాగి, తుండు దులుపుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి నాన్న ముఖంలో నవ్వు లేదు. చివరికి ఒక రాత్రి భోజనాల దగ్గర బయటపడ్డాడు.

"పెన్ను పోతే పోయిందమ్మా. కాదరు నన్ను మోసం చేశాడా అన్న మాట నా బుర్రలో పడింది చూడు, అది పోవాల. నువ్వు పేట పోయి చూపించుకురా. వాడికి మాత్రం తెలవనీబాక. తెలిసిందా, మళ్లీ నా గడప తొక్కడు."

మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. మాచర్ల నుంచి వచ్చే మొదటి బస్సు గురజాల చేరేసరికే నిండి ఉంటుంది. ఆగకముందే కిటికీలోంచి కండువా విసిరి సీటు ఆపుకోవడం మా ప్రాంతపు రిజర్వేషను. నా దగ్గర కండువా లేదు, జనంలో దూరే ఓపికా లేదు. ఎలాగా అనుకుంటుండగా లోపలి నుంచి, "ఇటు రా తల్లీ, సీటు ఆపా!" అని కేక వినిపించింది. చూస్తే కాదర్ మామ! నా గుండె జారి చెప్పుల్లో పడింది.

"ఏంది, పేటకేనా?" అన్నాడు పక్కకు జరుగుతూ.

"అవును మామా. రవికలు కుట్టించుకుందామని."

"నాకు కోర్టులో వాయిదా ఉందిలే," అన్నాడు. నేను అడగలేదు. అడక్కుండానే ఎందుకు చెప్పాడో నా కంగారులో తట్టలేదు.

అప్పట్లో పది రూపాయల నోటిస్తే టిక్కెట్టు పోను కాస్త చిల్లర వచ్చేది. ప్రయాణం రెండున్నర గంటలు, దారిలో బర్రెలు అడ్డం రాకపోతే. పొద్దున వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చుంటే ఎండ తగలదు, సాయంత్రం వచ్చేటప్పుడూ కుడివైపే. పిడుగురాళ్లలో సున్నం బట్టీల మధ్య బస్సు కాసేపు ఆగుతుంది. అక్కడ టీ బాగుంటుంది గానీ, నల్ల చీర కట్టుకుని మాత్రం వెళ్లకండి. నకరికల్లు దగ్గర కల్లాల్లో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. గాలి ఇటు తిరిగిందంటే డ్రైవరుతో సహా బస్సంతా తుమ్ములే.

ఆ తుమ్ముల మధ్యే కండక్టరు మా దగ్గరికి వచ్చాడు. లెక్క రాసుకునే కాగితం మీద ఆయన పెన్ను పడటం లేదట. "ఓ పెన్నుంటే ఇయ్యండి," అన్నాడు. సంచీలో పెన్ను పెట్టె మీద నా చెయ్యి బిగిసింది. లేదన్నాను. మామ జేబు మీద అరచెయ్యి వేసుకుని తనూ లేదన్నాడు.

"చదువుకున్న పిల్లవి, పెన్ను లేదంటావేందమ్మా? ఈయనేమో షావుకారు, ఈయన కాడా లేదంట!" అని గొణుక్కుంటూ ముందుకెళ్లాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను సంచీ సర్దుకున్నాను.

బస్టాండులో మామ కోర్టు వైపు కదిలాడు. ఆయన కనుమరుగయ్యేదాకా ఆగి, గడియారస్తంభం దగ్గర సందులో ఉన్న పెన్నుల కొట్టుకు నడిచాను. కొట్టాయన సెంటు పూసుకున్న పెద్దమనిషి. తనంతటివాడు గుంటూరులో కూడా లేడని ముందే చెప్పి, నా పెన్ను విప్పి గుడ్డ మీద పరిచాడు. "ముందు పేరు చూడాల. అసలుదాని మీద పేరు చెక్కినట్టుంటది, గోరుకు తగులుద్ది. డూప్లికేటుకి ఉత్త అచ్చే, నాలుగు రోజులు వాడితే పోద్ది. మూత తిప్పితే నూనె రాసినట్టు తిరగాల. పాళీ మొన మీద ఆవగింజలో సగం చుక్క కనపడాల. అన్నిటికన్నా, బంగారప్పాళీ అయస్కాంతానికి లొంగదు. ఇనప్పాళీకి బంగారు నీళ్లు పోస్తే చానామంది మోసపోతారు," అంటూ సొరుగులోంచి అయస్కాంతం తీశాడు.

సరిగ్గా అప్పుడు నా వెనక నుంచి, "ఇదిగో అబ్బాయ్, ఈ పెన్ను అసలుదో కాదో చూసిపెట్టు," అని వినిపించింది. గొంతు గుర్తుపట్టడానికి వెనక్కి తిరగాల్సిన పనిలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. మామ చేతిలో అచ్చం నాలాంటి మెరూన్ పెన్నే ఉంది.

"రవికలన్నావు గదే!" అన్నాడు.

"మీరు వాయిదా అన్నారుగా!" అన్నాను.

కొట్టాయన మా ఇద్దరినీ చూసి, "ఒకే ఇంటోళ్లా? కలిసి రావచ్చుగా," అన్నాడు.

మామ స్టూలు మీద కూలబడ్డాడు. "జత తెచ్చానమ్మా, మీకొకటి, నాకొకటి. వారం కిందట నాది కారి జేబంతా సిరా అయింది. నాదే ఇట్టా ఉంటే బావకిచ్చింది ఎట్టాంటిదో అని కంటిమీద కునుకు లేదు. అడుగుదామంటే మొగం చెల్లలా. కనీసం నాది చూపించుకుంటే మీది తెలుస్తదని వచ్చా."

నాన్న అనుమానం సంగతి నేనూ చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. తల దించుకున్నాడు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

ముందు ఆయన పెన్నుకే అయస్కాంతం చూపించారు. పాళీ టక్కున అతుక్కుంది. మామ ముఖం పాలిపోయింది. తర్వాత నాది. నేను పెన్ను వైపు చూడలేదు, మామనే చూస్తున్నాను. ఆయన పెదాలు ఏదో దువా చదువుతున్నాయి. కొట్టాయన పాళీ మీద అయస్కాంతం అటూ ఇటూ తిప్పాడు. పాళీ కదల్లేదు. భూతద్దం కంటికి పెట్టుకుని మొన చూశాడు, సిరాలో ముంచి 'శ్రీ' రాశాడు. "ఇది అసలు సరుకు, అనుమానమే లేదు," అన్నాడు.

మామ ఒక్క ఉదుటున లేచి బల్ల మీద చరిచాడు. "నాది గంగలో కలిస్తే కలిసింది! బావది అసలుదే!"

"నష్టపోయినోడు ఇట్టా నవ్వడం నేనెప్పుడూ చూళ్లేదయ్యా," అన్నాడు కొట్టాయన. "ఒకే చోట కొన్న జతలో ఒకటి ఇట్టా, ఒకటి అట్టా ఎట్టా వచ్చినయ్?"

"ఒకటి విప్పి చూపించాడు, రాసి చూశా. రెండోది పెట్టె మూసి ఇచ్చాడు," అన్నాడు మామ. "నేను రాసి చూసిందే బావకిచ్చా. చూడనిది నేనుంచుకున్నా." ఏదో మామూలు విషయం చెప్పినట్టే చెప్పాడు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

బస్టాండు దగ్గర భోజనం ఆయనే పెట్టించాడు. వడ్డించే అతను గోంగూర గిన్నెతో వచ్చి, "ఏ ఊరు? గురజాలా? అయితే కారం అడక్కుండానే ఏస్తా," అని వేసేశాడు. ఇద్దరం కళ్లూ ముక్కూ తుడుచుకుంటూ ఒప్పందం చేసుకున్నాం. ఆయన వచ్చినట్టు నేను నాన్నకు చెప్పను, నాన్న నన్ను పంపిన సంగతి తనకు తెలుసని ఆయన నాన్న దగ్గర బయటపడడు.

ఇంటికి చేరేసరికి నాన్న అరుగు మీదే ఉన్నాడు. పొద్దుటి నుంచి అన్నం ముట్టలేదని అమ్మ చెప్పింది. నేను సంతోషంగా నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "చెప్పబాక తల్లీ. బస్సు కదిలిన కాడ్నించీ సిగ్గుతో చస్తన్నా. అసలుదైనా నకిలీదైనా కాదరిచ్చింది. అంతే." అంత మంచి వార్త కడుపులో పెట్టుకుని నేను ఆ రాత్రి గడిపిన తీరు పగవాడికి కూడా వద్దు.

మర్నాడు సాయంత్రం కాదర్ మామ వచ్చాడు. ఆయన తెల్ల చొక్కా జేబు మీద అరచేతంత సిరా మరక ఉంది.

"ఏంది కాదరూ ఆ మరక?" అన్నాడు నాన్న.

మామ ఒక్క క్షణం నా వైపు చూసి, "మీదానికి జతగా నాకు తెచ్చుకున్న పెన్నే. అసలు సరుకు బావా! సిరా కాస్త ఎక్కువ పడుద్ది," అన్నాడు.

నాన్న ఆ మరకను చాలాసేపు చూశాడు. మా పెన్ను కూడా అలాంటి నకిలీదేనని ఆయనకు ఖాయమైపోయిందని నాకు అర్థమైంది. అప్పుడు, అబద్ధమాడటం బొత్తిగా చేతగాని మా నాన్న, స్నేహితుడి భుజం మీద చెయ్యేసి, "అవున్రా, మాదీ అంతే. నిన్నంతా కారింది," అన్నాడు.

ఆ పెన్నుతో నేను రిటైరయ్యేదాకా సంతకాలు పెట్టాను. ఒక్కనాడూ ఒక్క చుక్క కారలేదు. ఆ మాట నాన్నకు చెప్పేయాలని ఎన్నిసార్లు అనుకున్నానో. చెబితే ఒకరి పరువు కోసం ఒకరు ఆడిన అబద్ధాలు బయటపడతాయి. పాళీకి అయస్కాంతం ఉంది, స్నేహానికి అలాంటి పరీక్ష ఏదీ లేదు గదా అనుకునేదాన్ని ఒకప్పుడు. ఆ సాయంత్రం మా అరుగు మీద జరిగింది ఆ పరీక్షేనని తర్వాతెప్పటికో తెలిసింది.

ఇక మీకు పనికొచ్చే సలహా ఒకటి. స్నేహితుడిచ్చిన పెన్నును పరీక్ష చేయించడానికి పేట వెళ్తుంటే, ఆ స్నేహితుణ్ణే వెంటబెట్టుకుని వెళ్లండి. ఇంకేం లేకపోయినా, కండువా వేసి కుడివైపు సీటు ఆపుతాడు.