నూనె పోసిన బ్రేకు

దయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే మా స్టాఫ్‌రూములో ముందుగా నవ్వేది నేనే. జగ్గయ్యపేటలో ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. దిష్టి తీయించుకోను, బండికి నిమ్మకాయలు కట్టనివ్వను. ఈ విషయంలో మా ఆవిడ మాధవికీ నాకూ చాలాసార్లు మాటామాటా వచ్చింది కూడా. ఇది దయ్యం పనని ఇప్పుడూ అనను. జరిగింది జరిగినట్టు రాస్తాను, అంతే.

మాకు ఏడు సీట్ల పాత ఎస్‌యూవీ ఉంది. పోయిన చలికాలం నుంచి దాని వెనక బ్రేకులు కీచుమనడం మొదలుపెట్టాయి. స్కూలు గేటు దగ్గర నేను బ్రేకు వేస్తే పిల్లలు మేడమీది కిటికీల్లోంచి తొంగిచూసేవారు. సారు వచ్చారు, ఇక బెల్లు కొట్టక్కర్లేదని తోటి టీచర్లు ఆటపట్టించేవారు. నాకు ఒళ్లు మండిపోయేది.

మెకానిక్ కోటేశ్వరరావు బండిని మెల్లగా నడిపి, హ్యాండ్ బ్రేకు లాగి విని, చప్పుడు ఎడమ వెనక చక్రంలోంచని తేల్చాడు.

"సిమెంటు ఫ్యాక్టరీల దుమ్మండి, డ్రమ్ములో పేరుకునుంటది. ఊడదీసి కడిగి, లైనింగులు చూడాల. గురువారం తీసుకురండి," అన్నాడు.

లైనింగు అంటే చక్రంలోని డ్రమ్మును లోపలినుంచి ఒరుసుకుంటూ బండిని ఆపే గరుకు పట్టీ. మా బండికి హ్యాండ్ బ్రేకు కూడా ఆ వెనక చక్రాల మీదే పనిచేస్తుంది.

గురువారం దాకా ఆగబుద్ధి కాలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను. మాధవి కుట్టుమిషను నూనె సీసా తీసుకుని, చక్రం వెనక రేకుకున్న రబ్బరు బిరడా ఊడదీసి, సిరంజితో లోపలికి కొట్టాను. రెండు చక్రాలకీ కొట్టాను. ఇంటి గేటు కీచుమంటే చేసే పనే కదా అనుకున్నాను. ఘర్షణ లేకపోతే బ్రేకు పనిచేయదని ఎనిమిదో తరగతికి ఏటా చెప్పేవాణ్ణి. ఆ రోజు నా బుర్ర ఎక్కడికి పోయిందో తెలియదు.

చప్పుడు పోయింది. ముందు చక్రాల బ్రేకులు బాగానే ఉండటంతో నడపడంలో తేడా తెలియలేదు. మెకానిక్ దగ్గరికి మళ్లీ వెళ్లలేదు. మాధవి మెచ్చుకుంటే చిన్న పనేలే అన్నాను. నూనె సంగతి మాత్రం చెప్పలేదు.

తర్వాతి ఆదివారం నందిగామ మీదుగా చందర్లపాడు వైపున్న మా బావమరిది పొలానికి వెళ్లాం. మిరపకాయలు కల్లంలో ఆరబోసి ఉన్నాయి. మధ్యాహ్నం మూడు కావస్తోంది. మా పాప హాసినికి ఆరేళ్లు, వెనక సీట్లో నిద్రపోయింది. కల్లం దాకా తీసుకెళ్తే ఘాటుకి దగ్గుతుందని, చాలా ఇవతలే వేపచెట్టు నీడలో బండి ఆపి, అద్దాలు దించి పడుకోనిచ్చాం.

అది పల్లపు బాట. గేరులో వదిలే అలవాటు నాకు లేదు. న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు పైకంటా లాగి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. బాట దిగువన పాత మోటబావి ఉంది. దాని గట్టు ఎప్పుడో కూలిపోయింది.

కల్లంలో నిలబడి ధర గురించి మాట్లాడుకుంటున్నాం. బండి మా వెనక ఉంది. అప్పుడు కీచుమని వినిపించింది. స్కూలు గేటు దగ్గరి చప్పుడే, అనుమానం లేదు. ముందు నాకు చిరాకు వేసింది, మళ్లీ మొదలైందా అని. బండిలో బ్రేకు తొక్కేవాళ్లెవరూ లేరని ఆ తర్వాత తట్టింది.

తిరిగి చూస్తే చెట్టు నీడ ఖాళీగా ఉంది. బండి పల్లానికి దొర్లుతోంది. మాధవి పాప పేరు పెట్టి అరిచింది. నేను పరుగెత్తాను, కానీ అందుకోలేనని సగం దూరంలోనే తెలిసిపోయింది. కళ్ల ముందు ఆ సిరంజే మెదిలింది. నా బిడ్డను నేనే చంపుకున్నాననుకున్నాను.

కీచు ఇంకా పెద్దదైంది. బండి ఆగింది.

ముందు చక్రానికీ బావికీ మధ్య నా అడుగులు రెండు పట్టాయి. తలుపు తీసి, గేరు వేసి, పాపను ఎత్తుకున్నాను. అది నిద్ర కూడా లేవలేదు. పాపను మాధవికిచ్చి, మోకాళ్ల మీద కూర్చుని నాలుగు చక్రాల కిందా చూశాను. రాయి లేదు, గుంట లేదు. ఏటవాలు నేలే.

కాయలు ఏరుతున్న ఒక పెద్దావిడ కూడా పరుగెత్తుకొచ్చింది. "ఆ కీచు వినే తల తిప్పా సారూ. లేకపోతే చూసేదాన్నే కాదు," అంది. అంటే విన్నది నేనొక్కణ్ణే కాదు.

మర్నాడు కోటేశ్వరరావును పొలానికే పిలిపించాను. ఊడదీసే ముందు, చదునైన చోట హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగి ఉంచి ఇద్దరం తోశాం. చిన్న చప్పుడైనా లేకుండా కదిలింది. డ్రమ్ములు ఊడదీశాక లైనింగు మీద వేలు రాసి చూపించాడు. నూనె కారుతోంది.

"ఎవరు పోశారండి ఇది?"

తెలియదన్నాను. నిన్న బండి కీచుమని అరిచి ఆగిందని చెప్పాను.

"నూనె తాగిన లైనింగు అరవదండి, జారిద్దంతే. ఆ పల్లంలో దూడని కూడా ఆపలేదు."

"మరి ఆగిందిగా."

బావి వైపు చూసి, "పాపకి దిష్టి తీయించండి," అన్నాడు.

డ్రమ్ములు కడిగి కొత్త లైనింగులు వేశాడు. బండి ఇప్పుడు చప్పుడు చేయదు, ఆ నిశ్శబ్దమే నాకు భయం. చదును నేల మీద కూడా గేరులో పెట్టి, చక్రం కింద రాయి పెట్టిగానీ కదలను. మాధవి నిమ్మకాయలు కడుతుంటే నోరెత్తడం లేదు. నూనె పోసింది నేనేనని తనకి ఇది చదివాకే తెలుస్తుంది.

మొన్న ఘర్షణ పాఠం చెబుతుంటే ఒకమ్మాయి లేచింది. "బ్రేకులో నూనె పడితే బండి అస్సలు ఆగదా సార్?" అని అడిగింది. ఆగదమ్మా అనాలి. పుస్తకంలో ఉన్నది అదే, కోటేశ్వరరావు చెప్పిందీ అదే. నేను బోర్డు తుడిచేశాను. రేపు చెబుతానమ్మా అన్నాను. ఇంకా చెప్పలేదు.